ఫ్యూయల్ పంపు కోసం ఇచ్చిన కారు 23 రోజులుగా మీ దగ్గరే ఉంది

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

అయ్యా,

మాది సూర్యాపేట. 2011లో మీ కారు కొన్నాను. పద్నాలుగేళ్ల బండిలో ఇంజిన్‌కు పెట్రోలు అందించే ఫ్యూయల్ పంపు అరిగిపోతే దానికి మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను. నా బాధ ఆ తర్వాత జరిగిన దాని గురించి.

హైదరాబాద్ నుంచి వస్తుంటే నకిరేకల్ దాటాక బండి రెండుసార్లు గుంజి ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు. తాళం తిప్పగానే వెనక సీటు కింద రెండు సెకన్లు వినబడే పంపు గుయ్యిమనే చప్పుడు లేదు. రోడ్డు పక్క మెకానిక్ బయటి పంపు తెచ్చి వేస్తానన్నాడు. పెట్రోలు ట్యాంకులో కూర్చునే వస్తువు, కంపెనీదే వేయిద్దామని నేనే వద్దన్నాను. టోయింగ్ డబ్బులు పెట్టుకుని మీ సర్వీస్ సెంటర్‌కే తెచ్చాను.

ఫ్యూజు, రిలే బాగున్నాయి, పంపే పోయింది, మూడు రోజుల్లో ఇచ్చేస్తామన్నాడు మీ సర్వీస్ అడ్వైజర్. 6,000 రూపాయలు అడ్వాన్స్ కట్టాను. నాలుగో రోజు ఫోన్ చేస్తే పార్ట్ స్టాకులో లేదన్నాడు. ఏడో రోజు ఆర్డర్ పెట్టామన్నాడు. పదో రోజు ఫోన్ ఎత్తలేదు. పదకొండో రోజు నేనే వెళ్తే, ఆయన ఉద్యోగం మానేశాడని తెలిసింది. కొత్తగా వచ్చిన అమ్మాయి, బండి రిపేరు వివరాలు రాసిన జాబ్ కార్డు చూడకుండానే "ప్రాబ్లం ఏంటి సార్?" అని అడిగింది. మొదటి నుంచీ చెప్పాను. విన్నాక లోపలికి వెళ్లి వచ్చి, అసలు ఆర్డరే పెట్టలేదని చెప్పింది. నాకు కాళ్లలో బలం పోయినట్లయింది. పదకొండు రోజులు నాతో చెప్పిందంతా అబద్ధమేనా?

అప్పటి నుంచి మీ టోల్ ఫ్రీ నంబరుకు తొమ్మిదిసార్లు చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ బండి నంబరు, ఫోన్ నంబరు, కథ మొదటి నుంచి. "48 గంటల్లో ఏరియా మేనేజర్ మాట్లాడతారు" అంటారు. ఒక్కసారీ మాట్లాడలేదు. పదహారో రోజు మాత్రం, మీ ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ పట్టుకుని పరుగున వెళ్తే నా బండి అక్కడే ఉంది. వెనక సీటు పీకి గోడకు ఆనించారు. తెరిచిన ట్యాంకు మూత మీద పాత పేపరు కప్పారు. దుమ్ము పడుతోంది. పెట్రోలు వాసన వస్తోంది. పద్నాలుగేళ్లు ఇంట్లో మనిషిలా చూసుకున్న బండి అది.

ఇలాగే ఇచ్చేయండి, తీసుకెళ్తానంటే జాబ్ కార్డు క్లోజ్ కాకుండా బండి ఇవ్వం అన్నారు. పక్కనే ఉన్న సేల్స్ అబ్బాయి వచ్చి "పాత బండి కదా సార్, ఎక్స్చేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నాడు. ఆ మాట నన్ను చాలా నొప్పించింది.

నేను చెబితేనే మా బావమరిది 2017లో మీ కారు కొన్నాడు. 2022లో మా అబ్బాయీ కొన్నాడు. ప్రతి సర్వీసూ మీ దగ్గరే చేయించాను, బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి. మా నాన్నగారికి వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ. 82 ఏళ్ల మనిషిని ఆటో ఎక్కించి దించేటప్పుడు ఆయన పడే నొప్పి మీ వాళ్లకు రెండుసార్లు చెప్పాను. ఒక్కరైనా "అయ్యో" అనలేదు.

పంపు వేసి ఇస్తారో, అడ్వాన్స్ వాపసు చేసి బండిని ఉన్నదున్నట్టు బిగించి ఇస్తారో మీరే తేల్చండి. ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో నాకు రాతపూర్వకంగా జవాబు రావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయరు లేకుండా నేనే వాదించుకోవచ్చు. టోయింగ్ ఖర్చు, ఆటో ఖర్చులు, ఈ 23 రోజుల మనోవేదన అన్నీ అందులో అడుగుతాను. మా బావమరిది, మా అబ్బాయి కూడా తమ బండ్లు ఇక మీ గేటు లోపలికి తేమన్నారు.

ఈసారి జవాబిచ్చేవారు తమ పేరు, నేరుగా మాట్లాడే ఫోన్ నంబరు రాయాలి. మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
2011 నుంచి మీ కస్టమర్,
సూర్యాపేట

జతపరిచినవి: జాబ్ కార్డు, అడ్వాన్స్ రసీదు, ఫిర్యాదు పరిష్కారమైందని మీరు పంపిన మెసేజ్ ఫొటో.