పాల ధర మార్చే ముందు మాకూ ఒక మాట చెప్పండి

సంపాదకులకు,

‘పాల ధర తగ్గుముఖం, వినియోగదారులకు ఊరట’ అన్న మీ ఆదివారం వార్త చదివాను. అందులో పాలు కొనేవాళ్లున్నారు, అమ్మే కంపెనీలున్నాయి, చివర్లో ఒక నిపుణుడి మాట కూడా ఉంది. పాలు పిండేవాళ్లు మాత్రం ఎక్కడా కనబడలేదు. ఊరట నిజమే కావచ్చు. అది ఎవరి పాకలోంచి వచ్చిందో కూడా తెలిస్తే బాగుంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాకు పదకొండు పశువులు. ఇప్పుడు ఏడు ఆవులు పాలిస్తున్నాయి, రెండు వట్టిపోయాయి, మిగతా రెండూ చూడి పెయ్యలు. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. లెక్కలు రాసేది నేనే. మా ఆయన ఆవు నడక చూసి జ్వరం పసిగడతారు గానీ కూడికలంటే ఆమడ దూరం. నా నోటు పుస్తకంలో ఎడమ పేజీ పాలది: ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఏ ధర పడింది. కుడి పేజీ ఖర్చుది: దాణా, మేత, పశువుల డాక్టరు, కరెంటు. చాలా నెలల్లో రెండు పేజీల మొత్తాలూ ఒకదాన్నొకటి తరుముతూనే ఉంటాయి. ఆ రెంటి మధ్య మిగిలిన సందులోనే మా ఇల్లు నడవాలి.

రెండేళ్ల కిందట ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. చూస్తే మేం పాలు పోసే డెయిరీ నుంచి మెసేజ్. పొద్దుటి నుంచి కొత్త ధర, లీటరుకు ఆరో వంతు కోత. కారణం ‘మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా’ అట. అంతే, ఇంకో ముక్క లేదు. అప్పటికి సాయంత్రం దాణా పెట్టేశాం. పాత ధర లెక్కలో పెట్టిన దాణా, తెల్లారేసరికి కొత్త ధర పాలై బయటికొచ్చింది. ఆ మర్నాడు పుస్తకం తెరిస్తే మొదటిసారి కుడి పేజీ మొత్తం ఎడమ పేజీని దాటేసింది.

ధర పెరిగినప్పుడు మాత్రం రాత్రిపూట మెసేజ్ రాదండి. ‘వచ్చే నెల ఒకటో తేదీ నుంచి’ అని తీరిగ్గా వస్తుంది.

ధర తగ్గితే దాణా తగ్గించుకోవచ్చు కదా అని పట్నంలో ఉండే మా తోడికోడలు అడిగింది. మేమూ అదే చేశాం. చుక్క అని ఒక ఆవు, నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది, అప్పటికి ఈని నెల కూడా కాలేదు. ఈనిన తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆవు పాలు గరిష్ఠానికి చేరతాయి. అక్కడికి చేరే ఆ మొదటి వారాల్లో అది తినేదాని కంటే ఇచ్చేదే ఎక్కువ, ఒంట్లో కొవ్వు కరిగించి మరీ ఇస్తుంది. సరిగ్గా అప్పుడే మేం దాని దాణాలో మూడో వంతు కోశాం. వారం తిరిగేసరికి పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. పొద్దున్నే దొడ్డి తలుపు తీస్తే తొట్టి వైపు నడిచి, ఖాళీగా ఉంటే నా చేతుల వైపు చూసేది. పాలు పడిపోయాయి. తర్వాత దాణా పెంచినా ఆ ఈతలో మళ్లీ ఆ మట్టానికి రాలేదు. ఎదకూ రాలేదు. వచ్చి, కట్టి, నిలిచేసరికి మామూలు కంటే ఐదు నెలలు ఆలస్యం. మిగిల్చిన దాణా ఖరీదుకు ఎన్ని రెట్లు పోగొట్టుకున్నామో నా పుస్తకంలో ఉంది. ఆ పేజీ ఇప్పటికీ తిప్పబుద్ధి కాదు.

దానితో ఆగామా, లేదు. దాణా అప్పు తీర్చడానికి రెండు చూడి పెయ్యల్ని అమ్మేశాం. ఆ నెల అందరూ అమ్ముతున్నారు, కాబట్టి వచ్చినంతకు ఇచ్చాం. తొమ్మిది నెలలు తిరిగేసరికి పాలకు కొరత వచ్చింది, ధర లేచింది, అప్పుడు మా క్యాన్లు సగానికి సగం ఖాళీ. తిరిగి కొందామని వెళ్తే అలాంటి పెయ్యకే మేం అమ్మినదానికి దాదాపు రెట్టింపు చెప్పారు. ఆవు చూడి మోసేది సుమారు 280 రోజులు. పుట్టిన పెయ్య పెరిగి, చూడి కట్టి, తను ఈనడానికి కనీసం రెండేళ్లు, చాలా చోట్ల అంతకన్నా ఎక్కువే. అంటే ఈరోజు నేను ఆవుకు చూడి కట్టే ఇంజెక్షన్ వేయిస్తే, పుట్టబోయే పెయ్య పాలు డెయిరీకి చేరేది మూడేళ్ల తర్వాత. ఆ మూడేళ్లలో అలాంటి మెసేజ్‌లు ఎన్ని వస్తాయో!

ధర ఎందుకిలా ఊగుతుందని మా అబ్బాయిని అడిగాను. వాడు ఫోన్‌లో న్యూజిలాండ్ వాళ్లు నడిపే పాలపొడి వేలం చూపించాడు. 2008లో మొదలైందట, ఇప్పుడు నెలకు రెండుసార్లు జరుగుతుంది. ప్రపంచంలో పిండే పాలలో దేశం దాటి అమ్ముడయ్యేది పదో వంతు కూడా ఉండదు. అయినా మిగతా పాల ధర దాని వెనకే నడుస్తుంది. ఎందుకంటే పాలు దాచుకునే సరుకు కాదు. మిగిలిపోయిన పాలను పొడి చేయాలి, వెన్న తీయాలి. నూరు లీటర్ల ఆవు పాలలో 87 వంతులు నీళ్లే. ఆరబెడితే చేతికొచ్చేది తొమ్మిది కిలోల పొడి, నాలుగు కిలోల పైచిలుకు వెన్న. ఆ పొడికి గిట్టకపోతే ఆ నష్టం క్యాను దాకా దిగుతుంది. 2014 మొదట్లో వెన్న తీయని పాలపొడి టన్ను దాదాపు 5,000 డాలర్లు పలికింది. చైనా కొనుగోళ్లు తగ్గాయి, ఆ ఆగస్టులో రష్యా యూరప్ పాల ఉత్పత్తులు రానివ్వనంది, ఇంతకు మించి పాలు తీయకూడదని 1984 నుంచి ఉన్న యూరప్ పాల కోటాలు 2015 మార్చి 31తో ఎత్తేశారు. 2015 ఆగస్టుకు టన్ను 1,600 డాలర్ల కిందికి పడింది. ఏడాదిన్నరలో మూడో వంతుకు! ఇదంతా అర్థమయ్యాక మా డెయిరీ మీద కోపం కొంత తగ్గిందని ఒప్పుకోవాలి. కొంతే.

ఎందుకంటే ధర పడటం ఎవరి చేతిలో లేకపోయినా, పడుతోందని ముందే చెప్పడం వాళ్ల చేతిలో ఉంది. మూడు వారాల ముందు తెలిసి ఉంటే నేను చుక్క జోలికి పోయేదాన్నే కాదు. వయసైపోయి, ఎలాగూ తీసేయాల్సిన రెండు ఆవులను ముందు అమ్మేదాన్ని. దాణా వాడితో గడువు మాట్లాడుకునేదాన్ని. పెయ్యలు పాకలోనే ఉండేవి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. పాలు కొనేవాళ్లు రైతుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలని చట్టం చేసుకునే వీలు యూరప్ దేశాలకు 2012 నుంచే ఉంది. రైతు ఒప్పుకోకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా మార్చకూడదని బ్రిటన్ 2024లో నిబంధనలు తెచ్చింది. అమెరికాలో 2019 నుంచి ఒక పథకం ఉంది. అందులో పాల ధర ఒక్కదాన్నే చూడరు. పాల ధరలోంచి మేత ఖర్చు తీసేస్తే మిగిలేది ఒక గీత కంటే పడిపోతే, ముందుగా చేరి ఫీజు కట్టిన రైతుకు తేడా ఇస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే. నా పుస్తకంలో రెండు పేజీలనీ కలిపి చూసేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉన్నారన్నమాట. కెనడాలోలా కోటాలు పెట్టి ధర కట్టేయమని మాత్రం నేను అడగను. అక్కడ ఉన్న రైతుకు నిశ్చింతే గానీ, కొత్తగా పాడి పెట్టాలంటే ఆవుల కంటే ముందు కోటా కొనాలి. మా అబ్బాయిలాంటి వాడికి అది గోడే.

ఇప్పుడు మా జాగ్రత్తలు మేం తీసుకుంటున్నాం. అన్ని ఆవులూ ఒకే కాలంలో ఈనకుండా చూస్తున్నాం. ధర బాగున్న నెలల్లో ఒక నెల దాణా ముందే కొని పెడుతున్నాం. కొత్తగా ఈనిన ఆవు తొట్టిలో చెయ్యి పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

మీ పేపర్ కూడా ఒక పని చేయగలదు. షేర్ల ధరలు రోజూ వేస్తున్నారు. వారానికోసారి ఆ పక్కనే పాలపొడి ధర, వెన్న ధర, దాణాలో పడే మొక్కజొన్న, సోయా చెక్క ధర నాలుగు లైన్లలో వేయండి. డెయిరీ చెప్పకపోయినా గాలి ఎటు తిరుగుతుందో మేమే చూసుకుంటాం.

ఈసారి ఊరట వార్త రాసేటప్పుడు మీ విలేకరిని మా పాకకు పంపండి. నా పుస్తకం ఇస్తాను, రెండు పేజీలూ చూసుకోవచ్చు. ఉదయం నాలుగున్నరకు వస్తే పాలు పిండటం కూడా చూస్తారు. ముందుగా ఫోన్ చేస్తే మంచిదే గానీ, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మాత్రం వద్దు. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే మా ఇంట్లో ఇప్పటికీ టెన్షనే.

ఇట్లు,
ఒక పాడి రైతు