కుప్ప ఎక్కడ పడుతోందో చూడు బావా

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో "పొద్దున్నుంచి రాత్రిదాకా అందరూ కుడుతూనే ఉన్నారు, అయినా ఒక్క ఆర్డరూ టైముకి పోవట్లేదు" అన్నావు. అప్పట్నుంచి నీ కుట్టు యూనిట్ గురించే ఆలోచన. పోయినేడాది మా ప్రెస్సులో నేనూ ఇదే మాట అన్నాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

జూన్‌లో బడులు తెరిచేలోగా వర్క్‌బుక్కులన్నీ పంపాలి. ఆ టెన్షన్‌లోనే లీన్ పద్ధతి మొదలుపెట్టాం. టొయోటాలో తైచి ఓనో పెంచిన పద్ధతి అది. అక్కర్లేని నడక, ఎదురుచూపు, అవసరానికి మించి చేసి పెట్టుకోవడం, ఇలాంటి వృథా అంతా తీసేయాలంటుంది. మేం ముందు ప్రింటింగ్ మెషిన్ పట్టుకున్నాం. ఫారాలు, అంటే మడవకముందు అచ్చయిన పెద్ద కాగితాలు, రోజుకి మూడు వేల పుస్తకాలకి సరిపడా వచ్చేవి, నాలుగు వేల పుస్తకాలకి సరిపడా రాసాగాయి. ఎంత సంబరపడ్డామో! వారం తిరిగేసరికి మడత మెషిన్ ముందు ఫారాలు నడుమెత్తు పేరుకున్నాయి. అది రోజుకి రెండు వేల పుస్తకాలకే మడవగలదు మరి. బయటికి వెళ్ళేవీ ఆ రెండు వేలే. కుప్పలో 12 వేల పుస్తకాల ఫారాలుంటే కొత్తగా వచ్చిన ఆర్డరు ఆరు రోజులు ఆగాల్సిందే. కాగితం డబ్బంతా అందులోనే ఇరుక్కుంది.

అప్పుడు, పనంతా ఎక్కడ నెమ్మదిస్తుందో దాన్నే ముందు పట్టుకోమనే గోల్డ్‌రాట్ సిద్ధాంతం చదివాను. ఇజ్రాయెల్ భౌతిక శాస్త్రవేత్త, 1984లో దీన్ని నవలగానే చెప్పాడు. అందులో పిల్లలు వరసగా కొండదారిలో నడుస్తుంటారు. ముందున్నవాళ్ళు ఎంత పరుగెత్తినా అందరూ చేరేది నెమ్మదిగా నడిచే పిల్లాడు చేరినప్పుడే. అందుకని వాణ్ణి ముందు నిలబెట్టి, వాడి సంచిలో బరువు మిగతావాళ్ళు పంచుకుంటారు. ఆ ఘట్టం చదవగానే మా మడత మెషినే కళ్ళముందు కనబడింది.

ఇక అది ఎంత మడిస్తే అంతే ప్రింట్ చేశాం. మెషిన్ ఆపి కూర్చోమంటే ప్రింటింగ్ వాళ్ళు బాధపడ్డారు, వాళ్ళకి నచ్చజెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. లీన్‌లో నేర్చుకున్నదంతా మడత మెషిన్ దగ్గరికి తెచ్చాం. సైజు మార్చడానికి 40 నిమిషాలు పట్టేది. జపాన్ ఇంజనీరు షిగియో షింగో చెప్పినట్టు, మెషిన్ ఆపితేనే చేయగల పనులు వేరు, నడుస్తుండగానే చేసుకోగలవి వేరు అని విడదీశాం. పావుగంటకి దిగింది. చెడిపోయిన ఫారాలు మడతకి వెళ్ళకముందే ఏరేశాం. భోజనానికి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు, మెషిన్ ఆగలేదు. కొత్త మెషిన్ కొనకుండానే రోజుకి 2,700 పుస్తకాలు వచ్చాయి.

ఒక్క విషయంలో మాత్రం లీన్ వాళ్ళ మాట పూర్తిగా పాటించలేదు. నిల్వ తగ్గించుకుంటూ పొమ్మంటారు వాళ్ళు. మడత మెషిన్ ముందు మాత్రం సగం రోజు పని ఎప్పుడూ ఉంచాం. ప్లేటు పాడై ప్రింటింగ్ ఓ గంట ఆగినా మడత ఆగకూడదు కదా. ఇప్పుడేమో బైండింగ్ దగ్గర కుప్ప పడుతోంది, మళ్ళీ మొదలుపెట్టాం.

నీ దగ్గర కాజాల మెషిన్ ఒక్కటే ఉందన్నావు. నాకెందుకో దాని మీదే అనుమానం. రేపు సాయంత్రం ఏ మెషిన్ ముందు ఎన్ని చొక్కాలు ఆగాయో లెక్కపెట్టి రాసిపెట్టు. నేను ఆదివారం వస్తున్నాను, అప్పటిదాకా కొత్త కుట్టుమిషన్లకి అడ్వాన్స్ ఇవ్వకు.

నీ బావ