మలంలో రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మా అన్నయ్య తొమ్మిదేళ్ల కిందట, 36 ఏళ్ల వయసులో, పెద్దపేగు క్యాన్సర్‌తో చనిపోయాడు. అంతకుముందు ఏడాదిపాటు మలంలో రక్తం పడుతుంటే మొలలనుకొని పూతమందులతో, పథ్యంతో కాలం గడిపాం. చూసిన వైద్యులు కూడా వయసును బట్టి క్యాన్సర్ అయి ఉంటుందని అనుకోలేదు. రక్తహీనత ఉందని ఐరన్ మాత్రలు రాశారే గాని ఆ రక్తం ఎటు పోతోందని వెతకలేదు. చివరికి కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసేసరికి జబ్బు కాలేయానికి పాకింది. మా నాన్నగారు 44 ఏళ్లకే ‘కడుపులో గడ్డ’తో పోయారనీ, మేనత్తకు 47 ఏళ్లకే గర్భసంచి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిందనీ ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఈ మూడింటికీ మూలం ఒక్కటే కావచ్చని, అన్నయ్యకు ఆపరేషన్ అయ్యాక ఒక వైద్యురాలు కూర్చోబెట్టి మా వంశవృక్షం గీయించే వరకూ మాకెవరికీ తట్టలేదు.

దానిని లించ్ సిండ్రోమ్ అంటారు. కణం విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దే జన్యువులలో ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉండటం వల్ల పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు ఆ కుటుంబాల్లో చిన్న వయసులోనే వస్తుంటాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఆ లోపం ఉన్నా ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం; ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడా లేదు. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో కుట్టుపని చేసుకునే ఒక యువతి, తమ ఇంట్లో అందరూ పేగు, గర్భసంచి క్యాన్సర్లతోనే పోతున్నారని, తానూ అలాగే పోతానని ఆల్డ్రెడ్ వార్తిన్ అనే వైద్యుడితో చెప్పింది. ఆమె అన్నట్టే చిన్న వయసులోనే గర్భసంచి క్యాన్సర్‌తో మరణించింది. వార్తిన్ ఆ మాట కొట్టిపారేయకుండా కుటుంబ చరిత్ర సేకరించి 1913లో ప్రచురించాడు. ఆ తరువాత ఎన్నో ఏళ్లకు హెన్రీ లించ్ ఈ పరిశోధనను ముందుకు తీసుకువెళ్లడంతో జబ్బుకు ఆయన పేరు వచ్చింది.

మొత్తం పెద్దపేగు క్యాన్సర్లలో లించ్ వాటా నూటికి మూడు మాత్రమే కావచ్చు, కానీ వయసు తగ్గేకొద్దీ వంశపారంపర్య కారణాల వాటా పెరుగుతుంది. అమెరికాలోని ఒహాయోలో 50 ఏళ్లలోపు రోగులు 450 మందిని పరీక్షించి 2017లో ప్రకటించిన అధ్యయనంలో 72 మందికి పుట్టుకతో వచ్చిన జన్యులోపాలు కనిపించాయి. సాధారణంగా పాలిప్ (పేగు లోపలి గోడపై మొలిచే చిన్న కండ) క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ల దాకా పడితే, లించ్ ఉన్నవారిలో రెండు మూడేళ్లే చాలవచ్చు. అందుకే వీరికి 20–25 ఏళ్ల మధ్య మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయాలంటారు. పేగునిండా వందల పాలిప్‌లు మొలిచే ఎఫ్‌ఏపీ అనే మరో వంశపారంపర్య జబ్బులోనైతే పదీ పన్నెండేళ్ల వయసులోనే పరీక్షలు మొదలుపెట్టాలి.

ఈ పరీక్షల ఫలితం నేను స్వయంగా అనుభవించాను. అన్నయ్యలో కనిపించిన జన్యులోపం నాకూ ఉందని తేలింది. రెండేళ్ల కిందట కొలనోస్కోపీలో కనిపించిన రెండు పాలిప్‌లను అప్పటికప్పుడే తీసేశారు. మర్నాడు ఉద్యోగానికి వెళ్లాను. తమ్ముడికి ఆ లోపం లేదు గనుక అతనికీ, అతని పిల్లలకూ ఈ తరచు పరీక్షల బెడద తప్పింది.

అయినా మా బంధువుల్లో చాలామంది పరీక్షకు రారు. వాళ్లను ఆపుతున్నది ఖర్చు ఒక్కటే కాదు, ‘బయటికి తెలిస్తే పిల్లలకు సంబంధాలు రావు’ అనే భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. మా ఇంట్లోనూ అది ఉంది. కానీ దాచిపెట్టిన జబ్బు మేనరికాల్లో మరింత ప్రమాదం తెచ్చిపెట్టగలదు. దంపతులిద్దరికీ ఒకే జన్యువులో లోపం ఉంటే, రెండువైపుల నుంచీ దాన్ని పొందిన బిడ్డకు పసితనంలోనే మెదడు, రక్త క్యాన్సర్లు వచ్చే అవకాశం ఉంది. అది అరుదే, కానీ మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో చెప్పకుండా ఉండకూడని విషయం.

మన దేశంలో 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేయించే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకు సంబంధించినవే. అందరికీ కొలనోస్కోపీ చేయించమని నేను కోరడం లేదు. ఇంటింటికీ వచ్చే ఆరోగ్య సిబ్బంది ‘మీ రక్తసంబంధీకుల్లో 50 ఏళ్లలోపు పేగు, గర్భసంచి క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా’ అని ఒక్క ప్రశ్న అదనంగా అడిగి, అవునన్న వారిని జిల్లా ఆసుపత్రికి పంపితే చాలు. పెద్దపేగు క్యాన్సర్ తేలిన ప్రతి రోగికీ బయాప్సీకి తీసిన కణితి ముక్క మీదే, డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే ఆ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు ఉన్నాయో లేదో పరీక్ష చేయించడం ఆసుపత్రులు ఆనవాయితీగా పెట్టుకోవాలి. బ్రిటన్‌లో 2017 నుంచే ఆ మేరకు మార్గదర్శకాలు ఉన్నాయి. అనుమానం బలపడితే రోగి తోబుట్టువులు, పిల్లలు ఏ పరీక్షకు ఎప్పుడు రావాలో డిశ్చార్జి కాగితంపై తెలుగులో రాసి ఇవ్వాలి. మా అన్నయ్య కాగితాల్లో అలాంటి వాక్యమేదీ లేదు. ఆ వైద్యురాలు నోటితో చెప్పబట్టే మాకు తెలిసింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి