ఇద్దరు రంభల తగువు రాత్రి ఏడుకే ఆగిపోతోంది

పౌర గ్రంథాలయ శాఖ సంచాలకులు గారికి,
నమస్కారం.

మాది నంద్యాల జిల్లాలో ఒక చిన్న ఊరు. ఇక్కడి శాఖా గ్రంథాలయంలో ప్రతి మంగళవారం తొమ్మిదిమందిమి కూర్చుని పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ చదువుకుంటున్నాం. పద్యకావ్యం అనగానే పండితుల గోష్ఠి అనుకునేరు. మాలో తెలుగు మాస్టారు ఒక్కరే. నాది ఎరువుల కొట్టు, ఒకావిడ టైలరింగు చేస్తారు, ఇంకొకరు అంగన్‌వాడీ టీచరు. మాస్టారు పద్యం విడగొట్టి చెబుతారు, మేం కథ పట్టుకుని పోట్లాడుకుంటాం.

16వ శతాబ్దంలో రాసి నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన కావ్యం ఇది. నంద్యాల పేరు వినగానే మావాళ్లకు సొంత పుస్తకమైపోయింది. గాల్లో విమానాలు, మారువేషాలు, శాపాలు, పాత జన్మ గుర్తొచ్చేవాళ్లు... ఏ సీరియల్‌కీ తీసిపోదు. ముందు జరిగిందానికి కారణం ఎక్కడో వెనకాల తెలుస్తుంది. అందుకే ఒక వారం తప్పితే దారి తప్పినట్టే.

పోయినవారం కథలో కలభాషిణి అనే అమ్మాయి రంభ రూపంలో, రంభ ప్రియుడు నలకూబరుణ్ణి చేరింది. ఆ నలకూబరుడూ అసలువాడు కాదు, మణికంధరుడనే గంధర్వుడు (ఈ గుట్టు మాస్టారు ముందే విప్పేశారు, మాకు కోపమొచ్చింది). ఇంతలో నిజం రంభ వచ్చింది. నేను రంభనంటే నేను రంభనని ఇద్దరూ తగువు. టైలరమ్మ, “ఆమెదీ వేషమే, ఆయనదీ వేషమే. మరి ఎవరు ఎవర్ని మోసం చేసినట్టు సార్?” అన్నారు. మాస్టారు జవాబు చెప్పబోతుండగా ఫ్యాను ఆగింది. గ్రంథపాలకుడు తాళం చేత పట్టుకుని నిలబడ్డారు. ఏడైంది.

ఆయన్ని తప్పుపట్టడం లేదు. పొద్దున ఎనిమిదికి వచ్చిన మనిషి, ఇంటికి పోవద్దూ? బోర్డు మీద సాయంత్రం 4 నుంచి 7 అని రాసుంది. మాకేమో కొట్లు కట్టి, వంట పని తెముల్చుకుని వచ్చేసరికే ఆరున్నర. అరగంటలో రెండు పద్యాలు కూడా సాగవు. పైగా ఉన్నది ఒకే ప్రతి, మధ్యలో పేజీలు ఊడిపోయాయి. వాటిని మాస్టారి ఫోన్లో చూసుకుంటున్నాం.

ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మేమూ కడుతున్నాం. వారానికి ఒక్కరోజు తొమ్మిదింటిదాకా తెరిచి ఉంచేలా జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక ఉత్తర్వు ఇప్పించండి. తాళంచెవి బాధ్యత మాస్టారి పేరున రాసుకోండి, సంతకం పెడతారు. వీలైతే టీకా ఉన్న ప్రతులు రెండు కొనిపించండి.

కాస్త తొందరగా చూడండి సార్. ముందు మణిస్తంభుడనే సిద్ధుడు ఆడదిగా మారి బిడ్డను కనే ఘట్టం ఉంది. మా తొమ్మిదిమందితో అది అరగంటలో తేలేది కాదు.

ఇట్లు,
మంగళవారం చదువరుల తరఫున,
ఎరువుల కొట్టాయన