షాపు తెరిచాం, గంట అద్దె తీసేశాం

విజయనగరంలో మా సైకిలు షాపు మళ్లీ తెరిచి నాలుగు రోజులైంది. రెండు నెలలు షట్టరు దించి ఉండేసరికి ఎత్తేశామనుకున్నారట కొందరు. ఒక మాస్టారైతే వాళ్లబ్బాయి సైకిలు ఓవరాయిలింగ్‌కి ఇచ్చారు, అది లోపలే ఉండిపోయింది, ఆ పిల్లాడు అన్నాళ్లూ ట్యూషన్‌కి నడిచే వెళ్లాడట. తప్పు పూర్తిగా నాదే. అమ్మాయికి పురుడు అనుకున్నదానికన్నా ముందే వచ్చేలా ఉందని ఫోను వస్తే ఆ టెన్షన్‌లో నేనూ మా ఆవిడా అమెరికా బయల్దేరిపోయాం, లోపల ఎవరి బళ్లున్నాయో కూడా చూసుకోలేదు. అలా చిక్కుకున్న ఏడు సైకిళ్లకీ మజూరీ తీసుకోను, వేసిన సామాను ఖరీదు ఇస్తే చాలు.

ఇక అద్దె సైకిళ్ల సంగతి. మా దగ్గర ఇకనుంచి గంటల లెక్క లేదు. పొద్దున్న ఆరింటికి తీసుకుంటే పన్నెండు లోపు తెచ్చివ్వండి, అరవై రూపాయలు, అంతే.

ఎందుకు మార్చానో చెప్పాలి. అమ్మాయి వాళ్లుండేది జెర్సీ సిటీలో, నది దాటితే న్యూయార్క్. ఓ ఆదివారం అల్లుడు సెంట్రల్ పార్కుకి తీసుకెళ్లాడు. ఊరి నడిబొడ్డున 843 ఎకరాలు, పొడవే నాలుగు కిలోమీటర్లు. లోపల చుట్టూ తిరిగే రోడ్డు దాదాపు పది కిలోమీటర్లు ఉంటుంది, 2018 నుంచి దాని మీద కార్లు తిరగనివ్వడం లేదు. ముప్ఫై ఏళ్లుగా సైకిళ్లతోనే బతుకుతున్నవాణ్ని, కార్లు లేని రోడ్డు కనబడితే ఆగగలనా, అక్కడే ఒకచోట గంటకి అద్దెకి తీసుకున్నాను.

తీరా ఎక్కాక తెలిసింది, సైకిళ్లన్నీ ఒకే దిక్కున పోవాలి. తూర్పు పక్క నుంచి ఉత్తరానికి వెళ్లి, పైన తిరిగి, పడమర పక్క నుంచి దిగాలి. సగంలో మనసు మారితే వచ్చిన దారిన వెనక్కి రాకూడదు. ఉత్తరం కొసన హార్లెం హిల్ అని ఒక ఎత్తు ఉంది, దాని మీద నాకు ఊపిరి అందలేదు (102వ వీధి దగ్గర అడ్డదారి పట్టుకుంటే ఆ ఎత్తు తప్పుతుందని తర్వాత తెలిసింది, మీ పిల్లలు అక్కడుంటే చెప్పండి). ఇరవై నిమిషాలు ఆలస్యమైతే రెండో గంట డబ్బులు కూడా కట్టించుకున్నారు. ఏం చూశావు నాన్నా అని అమ్మాయి అడిగితే చెప్పడానికి ఒక్కటీ గుర్తు రాలేదు. నా కళ్లు మొదటి నుంచీ చేతి గడియారం మీదే ఉన్నాయి.

మరుసటి వారం మా ఆవిడతో నడిచి వెళ్లాను. ర్యాంబుల్ అనే చోట చెట్ల మధ్య కాలిబాటలు అటూ ఇటూ మెలికలు తిరిగి ఎటు వెళ్తున్నామో తెలియదు. అక్కడ ఒక పెద్దాయన లాంతరు స్తంభం చూపించాడు. స్తంభం అడుగున నాలుగంకెల చిన్న పలక ఉంది, 7535 అని. మొదటి రెండంకెలూ మనం ఏ వీధికి ఎదురుగా ఉన్నామో చెబుతాయి, అంటే 75వ వీధి. చివరి అంకె బేసి అయితే పార్కులో పడమర వైపు, సరి అయితే తూర్పు వైపు. ఇక ఫోను తియ్యలేదు, మా ఆవిడ వంగి పలకలు చదువుతూ దారి చెప్పింది. ఆ పార్కులో ఉన్న చెరువులన్నీ మనుషులు తవ్వినవేనట, 1858లో ఇద్దరు కలిసి గీసిన ప్లాను ప్రకారం. ఓ చోట బండ మీద కూర్చుంటే రాతిలో అభ్రకం ఎండకి మెరుస్తోంది. మొదటిసారి సైకిలు మీద ఆ పక్కనుంచే వెళ్లి ఉంటాను, చూడలేదు.

నా దగ్గర గంటకి ఇరవై ఇచ్చి తీసుకున్న పిల్లలు కూడా టైమైపోతోందని చెమటలు కక్కుకుంటూ వచ్చేవారు. ఇన్నేళ్లూ అది నాకు పట్టలేదు. ఇప్పుడు తీసుకెళ్లేవాళ్లు నెమ్మదిగా వెళ్లండి. మన మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర మొదలుపెట్టి, పైడితల్లి అమ్మవారి గుడి ముందు దిగి నడిపించుకుని (మంగళవారం అయితే జనం, అటు వద్దు), గంటస్తంభం మీదుగా కోటకి వెళ్లండి. 1713లో కట్టిన కోట అది, గోడ పక్కన సైకిలు ఆనించి కాసేపు నిలబడి చూడండి. గురజాడ వారి ఇల్లూ చూసుకుని, అమ్మవారి విగ్రహం దొరికిందని మన పెద్దలు చెప్పే పెద్దచెరువు వైపు రండి. ఎండెక్కితే నీడ చూసుకుని ఆగండి, నేనేమీ అనను.

పావుగంట పనికి స్టేషను దాకానో మందుల షాపు దాకానో కావాలంటే ఊరికే తీసుకెళ్లండి. ఈ మార్పుతో అద్దె డబ్బులు కొంత తగ్గుతాయి, తెలుసు, రిపేర్ల మీద సర్దుకుంటాను.

ఉన్న పదకొండు బళ్లలో ఆరింటికి బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయి. కొత్తవి విశాఖపట్నం నుంచి గురువారం వస్తాయన్నారు, అవి వేసి నేను స్వయంగా తొక్కి చూశాకే బయటికిస్తాను. అందాకా అయిదే ఉన్నాయి కాబట్టి ఈ ఆదివారానికి కావలసినవాళ్లు శనివారం రాత్రి ఎనిమిది లోపు షాపుకొచ్చి చెప్పండి.