దిగబడిన ట్రాక్టర్ చక్రానికి దుంగ కట్టొద్దు

సంపాదక మహాశయా,

నాట్లకు మడిలో నీళ్లు పెట్టి దున్నే దమ్ముల కాలం వస్తే చాలు, ట్రాక్టర్ తిరగబడి డ్రైవర్ చనిపోయాడన్న వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తుంది. వాటిలో కొన్నిటి వెనక ఒకటే పని ఉంటుంది. బురదలో దిగబడిన బండి పైకి రావడానికి పెద్ద చక్రాల ముందు దుంగ పెట్టి, గొలుసుతో టైరుకు బిగిస్తారు. దుంగ నేలకు తన్నుకుని చక్రం బిగుసుకుపోతుంది, ఇంజను బలం మాత్రం ఆగదు. చక్రం కదలకపోతే ఆ బలం యాక్సిల్ (ఇరుసు) చుట్టూ బండినే తిప్పేస్తుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచి, రెండు సెకన్లు కూడా పట్టకుండా ట్రాక్టర్ వెనక్కి పడుతుంది. క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు. పాడేరు, అరకు వైపు కొండవాలు మడుల్లో బండి ఎగువకు తిరిగి ఉంటే మరీ ప్రమాదం, బరువు అప్పటికే వెనక్కి వాలి ఉంటుంది.

దిగబడితే యాక్సిలరేటర్ పెంచొద్దు, పెంచేకొద్దీ గుంట లోతవుతుంది. వెనకున్న పనిముట్టు ఊడదీసి, చక్రాల వెనక బురదను పారతో తీసి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, రెండు పెద్ద చక్రాలూ కలిసి తిరిగేలా డిఫరెన్షియల్ లాక్ వేసి, వచ్చిన దారినే మెల్లగా రివర్సులో రావాలి. రివర్సులో ముందు భాగం లేవదు, కిందికి నొక్కుకుంటుంది. అప్పటికీ రాకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించాలి. గొలుసు వెనక కింద ఉండే లాగుడు కమ్మీకే (డ్రాబారు) తగిలించాలి, పనిముట్టును పైన పట్టి ఉంచే టాప్ లింకుకు ఎప్పుడూ కాదు. గొలుసు తెగితే కొరడాలా కొడుతుంది, పక్కన ఎవరూ నిలబడకూడదు.

అసలు దిగబడకుండా ఉండాలంటే మెట్ట దుక్కికి ముందు పదును (మట్టిలో తేమ) చూడాలి. జానెడు లోతు మట్టి తీసి ఉండ చేసి వేలితో నొక్కండి. పగిలితే దున్నొచ్చు, మైనంలా సాగితే ఆగాలి. తడి మీద దున్నితే నాగలి కింద గట్టి పొర కడుతుంది, పెళ్లలు ఎండి రాళ్లవుతాయి.

వాలులో చాళ్లు అడ్డంగా వేస్తేనే మట్టి కొట్టుకుపోదు. కానీ దిగువ చక్రం చాలులో పడి, ఎగువ చక్రం రాయెక్కితే బండి పక్కకు ఒరుగుతుంది. అందుకే చక్రాల మధ్య వెడల్పు పెంచుకోవాలి. మరీ నిటారు వాలుకు ఎడ్లే మేలు. గట్టు మీంచి ఎక్కించకుండా పారతో కోసి దారి చేసుకోవాలి. మడ్గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టొద్దు, పిల్లలనైతే అసలే వద్దు.

రైతు సేవా కేంద్రాల్లో విత్తనాల గురించి చెప్పినట్టే నాట్లకు ముందు ఈ సంగతీ డ్రైవర్లకు చేసి చూపించాలి. ట్రాక్టర్ యజమానులు ఈలోపు బండిలోంచి ఆ దుంగను తీసేసి, ఒక మంచి పార పెట్టించండి.

- ట్రాక్టర్ మెకానిక్, పాడేరు