ఎండు రొయ్యల ధర, దాని వెనక ఉన్న మడ అడవి

అన్నలకు, అక్కలకు నమస్తే. ముందుగాల ధర సంగతి. ఎండు రొయ్యలు పిరమైనయి. జూన్ అయిపోయేదాకా తగ్గవు. తూర్పు తీరంల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ప్రతి ఏడు ఆపుతది, ఆపాలె కూడా. ఉన్న పాత సరుకే అమ్ముతున్న, మెత్తవడ్డది మాత్రం తక్కెడ మీదికి రానియ్య. నెత్తళ్లు, సావళ్లు పాత ధరకే.

ఇగ నేను చెప్పాలనుకున్న ముచ్చట. మా రొయ్యలు ఎక్కువగ కాకినాడ దిక్కు నుంచి వస్తయి. అక్కడ గోదావరి సముద్రంల కలిసేకాడ కోరింగ మడ అడవి, అంటే ఉప్పునీళ్ల బురదల పెరిగే చెట్ల అడవి ఉన్నది. 1978ల అభయారణ్యం చేసిన్రు, 235 చదరపు కిలోమీటర్లు. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలనే, కానీ పిల్ల మాత్రం పోటు నీళ్లతోని వచ్చి మడ వేర్ల నడుమ చేరుతది. రాలిన ఆకు కుళ్లి దానికి మేతైతది. ఆ వేర్ల సందులకు పెద్ద చేప రాలేదు. ఎదిగినంక మళ్ల సముద్రానికి పోతది, అప్పుడు వలకు చిక్కుతది. చేపలు పట్టి బతికే బావురుపిల్లి, నీటికుక్కలు కూడా ఆ బురదలనే ఉంటయి. చూసేటోళ్లకది పనికిరాని నేల లెక్క కనిపిస్తది. 2020ల కాకినాడ శివారుల ఇండ్ల జాగల కోసం మడ చెట్లు కొట్టిన్రని లొల్లయి, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది.

"సముద్రం కాడి అడవితోని వరంగల్లోళ్లకేం పని?" అని దుకాణంల ఒక పెద్దమనిషి అడిగిండు. పని ఉన్నది. మన మంగపేట, ఏటూరునాగారం పక్కపొంటి పోయే గోదావరి మోసుకపోయిన ఒండ్రు మీదనే ఆ చెట్లు నిలవడ్డయి. పైన ఆనకట్టలు కట్టినకొద్దీ ఆ ఒండ్రు తగ్గుతున్నది. నీళ్ల జాగను ప్లాట్లు చేస్తే ఏమైతదో మనకు ఒకలు చెప్పాల్నా? 2023 జులైల హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు చూడలేదా? అక్కడైతే వచ్చేది తుఫాను. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఎట్ల ఊడ్చిపెట్టిందో ఆ దిక్కు యాపారులు ఇప్పటికీ చెప్తరు. అల జోరును మొదలు ఆపేది ఆ మడ వేర్లే.

వేట మీద బతికే పల్లెలోళ్లను ఎల్లగొట్టుమని నేనంటలేను. వాళ్లు ఉండాలె. రిసార్టులు, ప్లాట్లు వద్దు. చూసెటందుకు కట్టిన చెక్కబాట చాలు. అభయారణ్యం గీత అవతల, కోనసీమ దిక్కున్న మడను కూడా గట్లనే అడవిగ కాపాడాలె.

తక్కెడ పక్కన ఒక పుస్తకం పెట్టిన. ఇదే మాట పైన రాసి ఉన్నది. చదివి, సరే అనిపిస్తే సంతకం పెట్టున్రి. పేరు, ఊరు చాలు, ఫోన్ నంబరు అక్కెర లేదు. నిండినంక ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖకు పంపుత.